మీ ప్రశ్నలు, మా జవాబులు: ఇంట్లో కుందేలు

కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి కుందేళ్ళ గురించి వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాం. చాలామంది అడిగింది రోగం గురించే. తరచి చూస్తే అసలు లోపం తిండి దగ్గరో, ఎండ దగ్గరో ఉంది. అందుకే ఆ రెండింటికీ ఎక్కువ చోటిచ్చాం. మందుల మోతాదులు రాసినచోట అవి అర్థం కావడానికే రాశాం. వేయాల్సింది మాత్రం పశువుల డాక్టరే.

ప్రశ్న: మిద్దె మీద రేకుల షెడ్డులో బోను పెట్టాం. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం కుందేలు కాళ్ళు బారజాపి పడుకుని గబగబా ఊపిరి తీస్తోంది. కూలర్ పెడితే జలుబు చేస్తుందని ఇంట్లో పెద్దవాళ్ళు అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఓ పాఠకురాలు, కర్నూలు

జవాబు: అమ్మా, ముందు ఆ బోనును కిందికి దించండి. రేపటిదాకా కూడా ఆగొద్దు. రేకుల కింద వేడి బయటి వేడిని మించి ఉంటుంది. కుందేలుకు చెమట పట్టదు. కుక్కలా నాలుక చాపి వగర్చి చల్లబడే శక్తీ అంతంత మాత్రమే. ఒంట్లో వేడి బయటికి పోవడానికి దానికున్న ముఖ్యమైన దారి చెవులు. 15 నుంచి 25 డిగ్రీల మధ్య అది హాయిగా ఉంటుంది, 30 దాటితే ఇబ్బంది పడుతుంది, 35 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. మన దగ్గర మే నెలలో 42, 43 డిగ్రీలు మామూలే కదా!

ఇంట్లో కింది గదిని, వీలైతే ఉత్తరం వైపు గోడ ఉన్న గదిని దానికి కేటాయించండి. కూలర్ నిరభ్యంతరంగా పెట్టవచ్చు. మన సీమ ఎండ పొడి ఎండ, అందులో నీళ్ళ కూలర్ చక్కగా పనిచేస్తుంది. గాలి తిన్నగా దాని ముఖానికి కొట్టకుండా గోడకు తగిలి వచ్చేట్టు తిప్పండి. కిటికీ ఒకటి తెరిచి ఉంచండి, లేకపోతే గదిలో తేమ చేరి ఉక్కపోత మొదలవుతుంది. వట్టి ఫ్యాను చాలదు. మనకు ఫ్యాను గాలి చల్లగా ఉండేది చెమట ఆరడం వల్ల. చెమటే లేని జంతువుకు 40 డిగ్రీల గాలి విసిరితే వేడి గాలి విసిరినట్టే.

ఖర్చు లేని మంచి సాధనం నాపరాయి. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు ఉన్న ముక్కలు రెండు తెచ్చుకోండి. బండల మిషన్ల దగ్గర విరిగిన ముక్కలు దొరుకుతాయి. అంచులు అరగదీయించండి. ఒకటి బోనులో ఉంటే రెండోది నీళ్ళ తొట్టిలో ఉండాలి. రెండు మూడు గంటలకోసారి మార్చండి, పెట్టేముందు పైన తడి తుడవండి. కుందేలు దానంతట అదే వచ్చి పొట్ట ఆనించి పడుకుంటుంది. లీటరు ప్లాస్టిక్ బాటిల్‌లో ముప్పావు వంతు నీళ్ళు పోసి గడ్డ కట్టించి, పాత టవల్ చుట్టి బోనులో ఓ మూల పెట్టడం ఇంకో మార్గం. టవల్ లేకుండా పెట్టొద్దు. తడి గోనెసంచి గాలి వచ్చే వైపు ఒక్క పక్కనే వేలాడదీయండి. నాలుగు పక్కలా కప్పేస్తే లోపల ఆవిరి నిలిచిపోతుంది.

తాగడానికి బరువైన మట్టి మూకుడు పెట్టండి. నిపుల్ బాటిల్‌కన్నా మూకుడులో కుందేలు ఎక్కువ నీళ్ళు తాగుతుంది. పైగా మన బోరు నీళ్ళలోని సున్నం పేరుకుని నిపుల్‌లోని గోళీ బిగుసుకుపోతుంది. బాటిల్ నిండుగానే కనిపిస్తుంది, చుక్క మాత్రం రాదు. బాటిలే వాడేవాళ్ళు రోజూ పొద్దున వేలితో గోళీ నొక్కి చూడాలి. వారానికోసారి వెనిగర్ కలిపిన నీళ్ళలో గంటసేపు నానబెట్టి బాగా కడగాలి.

ఇక వడదెబ్బ గుర్తులు: నోరు తెరిచి ఊపిరి తీయడం, ముక్కు చుట్టూ తడి, చెవులు ఎర్రబడి కాలిపోతూ ఉండడం, లేపితే తూలడం. ఇవి కనిపిస్తే నీడకు తెచ్చి, కుండ నీళ్ళలో గుడ్డ తడిపి రెండు చెవులూ మళ్ళీమళ్ళీ తుడవండి. పాదాలు, పొట్ట కింద తడపండి. ఐసు నీళ్ళలో ముంచకూడదు. చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుపోయి లోపలి వేడి లోపలే ఉండిపోతుంది, గుండె ఆగే ప్రమాదమూ ఉంది. సొంతంగా తాగితే నీళ్ళు పెట్టండి, నోట్లో పోయకండి. కాస్త తేరుకుంది కదా అని ఊరుకోక ఆస్పత్రికి తీసుకెళ్ళండి. లోపలి అవయవాలకు జరిగిన నష్టం మరుసటి రోజు బయటపడుతుంది.

ప్రశ్న: మాకు రెండు తెల్ల కుందేళ్ళు, ఒక్కొక్కటి 2 కిలోలుంటాయి. పొద్దున క్యారెట్, సాయంత్రం బొరుగులు, నానబెట్టిన శనగలు పెడుతున్నాం. బిస్కెట్లు ఇష్టంగా తింటాయి. అయినా తరచూ మెత్తగా, ముద్దగా వేస్తున్నాయి. మా పొలంలో చెనిక్కాయ కట్టె ఉంది, లూసర్న్ కూడా ఉంది. ఏది ఎంత పెట్టాలి?
— ఓ రైతు, ధర్మవరం

జవాబు: పొలంలో ఇంత మేత పెట్టుకుని బొరుగులు కొనాల్సిన పని లేదండీ. కుందేలు పేగులు గడ్డి కోసమే ఏర్పడ్డాయి. అది తినేదానిలో నూటికి ఎనభై పాళ్ళు గడ్డే ఉండాలి. దాని పేగుల్లో సీకం అనే పెద్ద సంచి ఉంటుంది, అందులోని సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి పోషకాలుగా మారుస్తాయి. బొరుగులు, బిస్కెట్లు, శనగల్లోని పిండి పదార్థం ఆ సంచిలోకి చేరితే మంచి సూక్ష్మజీవులు తగ్గి చెడ్డవి పెరుగుతాయి. మీరు చూస్తున్న ముద్ద దాని ఫలితమే. క్యారెట్‌లోనూ చక్కెర ఉంటుంది. అందుకే దాన్ని మిఠాయిలాగే చూడాలి: వారానికి రెండుసార్లు, బొటనవేలంత ముక్క. క్యారెట్ ఆకు మాత్రం రోజూ పెట్టవచ్చు.

అన్నిటికన్నా మేలైనది గరిక. చేలగట్ల మీద దొరుకుతుంది, కాసు ఖర్చు లేదు. పురుగుమందు కొట్టిన చేను గట్టుదీ, రోడ్డు పక్కదీ, కుక్కలు తిరిగే చోటుదీ వద్దు. కంకి వేయకముందే కోసి, నీడలో పలచగా పరిచి, రోజుకు రెండుసార్లు తిరగేస్తే మన ఎండల్లో రెండు మూడు రోజులకే ఎండుతుంది. బాగా ఎండిన గరిక పచ్చదనం పోకుండా, చేత్తో నలిపితే తీయటి వాసన వేస్తుంది. గోనెసంచిలో నిలవ చేయండి, ప్లాస్టిక్ సంచిలో చెమర్చి బూజు పడుతుంది. 2 కిలోల కుందేలు రోజుకు వంద గ్రాముల పైచిలుకు ఎండుగడ్డి తింటుంది. తూకం వేయకండి, కుందేలంత మోపు పెట్టండి. బోనులో గడ్డి అయిపోయిన గంట అంటూ ఉండకూడదు, అంతే.

చెనిక్కాయ కట్టె గురించి జాగ్రత్తగా చెప్పాలి. పశువులకు మంచి మేతే, కుందేలుకూ కొద్దిగా పనికొస్తుంది. కానీ కాయ పీకే రోజుల్లో వాన పడి కట్టె తడిస్తే నల్లబడి బూజు పడుతుంది. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. దాన్ని తట్టుకునే శక్తి కుందేలుకు చాలా తక్కువ, కాలేయం దెబ్బతిని చనిపోతుంది. ఆవు తిని బాగానే ఉంది కాబట్టి కుందేలుకు ఏం కాదులే అనుకోవద్దు. తడవని కట్టె అని మీకు గట్టిగా తెలిస్తేనే, మట్టి దులిపి, అంటుకుని మిగిలిన కాయలు ఏరేసి, వారానికి రెండుమూడు రోజులు గుప్పెడు చొప్పున పెట్టండి. వామి అడుగున ఉన్నది అసలు వద్దు.

లూసర్న్‌లో మాంసకృత్తులూ, కాల్షియమూ ఎక్కువ. 6 నెలల లోపు పిల్లలకు, చూలుతో ఉన్నవాటికి, పాలిచ్చే తల్లులకు అది మేలు. పెద్దవాటికి రోజూ పెడితే అక్కరకు మించిన కాల్షియం మూత్రంలోకి చేరి మూత్రసంచిలో సున్నపు బురదలా పేరుకుంటుంది. మునగాకుకూ ఇదే మాట: నాలుగైదు రెమ్మలు చాలు.

ఆకుకూరలు రెండు కిలోల కుందేలుకు రోజుకు రెండు గుప్పెళ్ళు, మూడు రకాలు కలిపి పెట్టండి. కొత్తిమీర, పుదీనా, మెంతి, ముల్లంగి ఆకు మంచివి. పాలకూర, తోటకూర అప్పుడప్పుడూ కొంచెం. క్యాబేజీతో గ్యాసు పడుతుంది. గుళికల దాణా దొరికితే కిలో బరువుకు 20 నుంచి 25 గ్రాములు, అంటే మీవాటికి ఒక్కోదానికి 50 గ్రాములకు మించకూడదు. అందులో పీచు 18 శాతం తగ్గకుండా ఉందేమో సంచి మీద చూసుకోండి. కోళ్ళ దాణా పెట్టనే వద్దు. కోళ్ళకు కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు రాకుండా అందులో కలిపే మందులు కొన్ని కుందేలుకు విషం.

గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదం ఆకు, టమాటా ఆకు, వయ్యారిభామ, ఉల్లి, వెల్లుల్లి దగ్గరికి పోనివ్వకండి. లేత జొన్న పైరు కూడా అంతే, అందులో సైనైడ్ విషం ఉంటుంది.

మార్పు ఒక్కరోజులో చేయకండి. బిస్కెట్లు ఈ రోజే ఆపేయండి, బొరుగులు, శనగలు వారం రోజుల్లో తగ్గించుకుంటూ పోయి మానేయండి, గడ్డి మాత్రం మొదటి రోజు నుంచే నిండుగా పెట్టండి. ఒక సంగతి గుర్తుంచుకోండి: కుందేలు రాత్రిపూట, తెల్లవారుజామున ద్రాక్షగుత్తిలా మెరుస్తూ మెత్తగా ఉండే పెంటికలు వేసి, వాటిని తిన్నగా నోటితో అందుకుని తినేస్తుంది. అది రోగం కాదు, దానికి బి విటమిన్లు అందేది వాటిలోంచే. అవి తినకుండా వదిలేసి తొక్కితే మాత్రం తిండి బలం ఎక్కువైందనో, వంగలేనంత లావెక్కిందనో అర్థం.

ప్రశ్న: నిన్న రాత్రి నుంచి మా కుందేలు ఏమీ ముట్టడం లేదు. మూలన ముడుచుకుని కూర్చుంది. ఇంతకుముందు ఇలాగే ఉన్న ఇంకో కుందేలు రెండో రోజుకు చచ్చిపోయింది. మళ్ళీ ఇలా అయితే ఏం చేయాలి?
— ఓ పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ఈ ఉత్తరం అచ్చయ్యేలోపే మీ కుందేలుకు వైద్యం అంది ఉండాలని కోరుకుంటున్నాం. ఇది అందరూ చదవాల్సిన ప్రశ్న. కుందేలు తిండి మానేసి 12 గంటలైతే అది అత్యవసరం. ఆవులా, మేకలా ఒక పూట పస్తు ఉండి తేరుకునే జంతువు కాదు. పేగులు కదలాలంటే పీచు వస్తూనే ఉండాలి. తిండి ఆగితే పేగులు నెమ్మదిస్తాయి, లోపలిది ఎండి గట్టిపడుతుంది, గ్యాసు చేరుతుంది, నొప్పికి ఇంకా తినదు. వాంతి చేసుకోవడం కుందేలుకు చేతకాదు, కాబట్టి పైకి వచ్చే దారీ లేదు.

ముందు బోను అడుగు చూడండి. పెంటికలు ఎన్ని, ఎంత సైజు? మామూలుగా అవి శనగగింజంత, గుండ్రంగా, ఒకే తీరుగా ఉంటాయి. చిన్నవై, వంకరపోయి, వెంట్రుకలతో దండలా కలిసి ఉంటే పేగులు మందగించి ఒకటి రెండు రోజులైందన్నమాట. తరువాత చెవులు ముట్టుకోండి. చల్లగా ఉంటే ఒంట్లో వేడి పడిపోతోంది. గోరువెచ్చని నీళ్ళ బాటిల్‌ను గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి. పొట్టను రెండు చేతులతో మెల్లగా తాకి చూడండి. మెత్తగా ఉందా, డోలులా బిగుసుకుందా?

బిగుసుకుని ఉబ్బి ఉంటే నోట్లో ఏమీ పోయకండి. పేగుకు ఏదో అడ్డుపడి ఉండవచ్చు. ఆ గంటలోనే డాక్టరు చూడాలి. పొట్ట మెత్తగా ఉంటే మొదట కొత్తిమీర, పుదీనా ముక్కు దగ్గర పెట్టి చూడండి. తినకపోతే గుళికల దాణాను గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి జావలా చేసి, సూది తీసేసిన సిరంజితో చెంప పక్కనుంచి ఒక్కొక్క మి.లీ. చొప్పున, మింగిన తరువాతే మళ్ళీ ఇవ్వాలి. కిలో బరువుకు విడతకు 10 మి.లీ., రోజుకు నాలుగైదు విడతలు. వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇది డాక్టరు దగ్గరికి చేరేదాకా చేసే పని మాత్రమే. నొప్పి తగ్గించే ఇంజెక్షను, చర్మం కింద సెలైన్ పడితేనే చాలావాటికి పేగులు మళ్ళీ కదులుతాయి.

ఇంట్లో పిల్లలకు తెచ్చిన అమాక్సిసిలిన్ సిరప్ ఎట్టి పరిస్థితుల్లోనూ పోయొద్దు. పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే సీకంలోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విషాలు పుట్టి కుందేలు చనిపోతుంది. డాక్టరు ఆ మందు రాసినా మర్యాదగా ఓ మాట అడగండి, తప్పేం లేదు. అన్ని ఊళ్ళలో డాక్టర్లు రోజూ కుందేళ్ళను చూడరు. మీ ఊళ్ళోనే పశువైద్య కళాశాల ఉంది కాబట్టి అక్కడి ఆస్పత్రి వేళలు ఇప్పుడే కనుక్కుని గోడ మీద రాసి పెట్టుకోండి.

తేరుకున్నాక ఎందుకు మానేసిందో వెతకాలి. గడ్డి తక్కువ కావడం మొదటి కారణం. తరువాత దవడ పళ్ళు. కుందేలు పళ్ళు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్ళు వారానికి సుమారు 2 మి.మీ. గడ్డి నమలనప్పుడు అరగక, దవడ పళ్ళ అంచులు ముళ్ళలా లేచి నాలుకను, చెంపను కోస్తాయి. గడ్డం కింద తడిగా ఉంటే దీన్ని అనుమానించండి. ముందు పళ్ళు పెరిగాయని గోళ్ళ కత్తెరతో కత్తిరించేవాళ్ళున్నారు. పన్ను నిలువునా చీలి చిగురు లోపలిదాకా చీము పడుతుంది. ఆ పని డాక్టరు చిన్న రంపపు చక్రంతో చేయాలి.

ప్రశ్న: చెవి లోపల అట్టలు అట్టలుగా గోధుమరంగు పొక్కు కట్టింది. తల విదిలిస్తూ కాలితో గీరుకుంటోంది. వేపనూనె రాస్తున్నాం, తగ్గలేదు.
— ఓ విద్యార్థి, గుంతకల్లు

జవాబు: చెవి గజ్జి. కంటికి ఆననంత చిన్న పురుగులు చెవి లోపల చర్మాన్ని కొరకడం వల్ల వస్తుంది. ఆ పొక్కును గోరుతోనో, పుల్లతోనో పీకొద్దు బాబూ. కింద పచ్చిపుండు ఉంటుంది, భరించలేని నొప్పి. మందు పడితే వారం పది రోజుల్లో దానంతట అదే రాలుతుంది.

డాక్టర్లు సాధారణంగా ఐవర్‌మెక్టిన్ వాడతారు, కిలో బరువుకు 0.2 నుంచి 0.4 మి.గ్రా. పశువులకు వాడే 1 శాతం ఇంజెక్షనులో మి.లీ.కు 10 మి.గ్రా. ఉంటుంది. అంటే 2 కిలోల కుందేలుకు పడేది 0.1 మి.లీ. కన్నా తక్కువ. కంటి అంచనాతో వేస్తే ఎంత ఎక్కువ పడుతుందో మీరే ఊహించుకోండి. ఇన్సులిన్ సిరంజితో కొలిచి వేయాలి. గుడ్ల నుంచి కొత్త పురుగులు వస్తాయి కాబట్టి 10–14 రోజులకు మళ్ళీ వేయించాలి. మొదటి డోసుకు గోకుడు తగ్గిందని రెండోది మానేసినవాళ్ళకే నెల తిరక్కముందే మళ్ళీ వస్తుంది. ఇంట్లో ఉన్న కుందేళ్ళన్నిటికీ ఒకేసారి వేయించండి.

కుక్కల గోమార్లకు అమ్మే ఫిప్రొనిల్ చుక్కలు కుందేలుకు వేయకూడదు. మూర్ఛలు వచ్చి చనిపోతాయి. బోను విషయంలో మన ఎండ మనకు సాయం. అట్టలు, గోనెలు కాల్చేసి, బోనుకు మరిగే నీళ్ళు పోసి, రెండు మూడు రోజులు మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆరబెట్టండి.

ప్రశ్న: మూత్రం ఎర్రగా వస్తోంది. రక్తమా?
— ఓ పాఠకురాలు, ఎమ్మిగనూరు

జవాబు: చాలాసార్లు కాదు. తిన్న ఆకుల్ని బట్టి పసుపు, నారింజ, ఇటుక ఎరుపు రంగుల్లో రావడం మామూలే. మొత్తం ఒకే రంగులో ఉండి, ఒకటి రెండు రోజుల్లో మారిపోతుంటే భయం లేదు. మామూలు మూత్రంలో ఎర్రటి చారలో, గడ్డలో కనిపించినా, ముక్కుతూ చుక్కలు చుక్కలుగా పోస్తున్నా చూపించండి. ఆడ కుందేలైతే, అందులోనూ 4 ఏళ్ళు దాటితే అసలు ఆలస్యం చేయకండి. ఆ వయసులో గర్భసంచి క్యాన్సర్ వీటిలో చాలా ఎక్కువ. పిల్లలు అక్కర్లేనప్పుడు గర్భసంచి తీయించడం మంచిదని మేం చెప్పేది అందుకే. ఆపరేషన్ ముందు కుక్కలకులాగా పస్తు పెట్టకూడదు, కుందేలుకు చివరిదాకా గడ్డి ఉండాలి.

ప్రశ్న: రెండూ ఆడవే అని చెప్పి అమ్మారు. ఇప్పుడు ఒకటి రొమ్ము దగ్గర వెంట్రుకలు పీక్కుని మూలన గూడు కడుతోంది. తల్లి పిల్లల్ని తినేస్తుందంటారు, నిజమేనా? పాలు మేమే పట్టాలా?
— ఓ గృహిణి, మైదుకూరు

జవాబు: ఒకటి రెండు రోజుల్లో ఈనవచ్చు. చూలు కాకపోయినా కలిసిన పదహారు, పద్దెనిమిది రోజులకు ఇలా ఉత్తుత్తి గూడు కట్టేవీ ఉన్నాయి. చూలు 30 నుంచి 32 రోజులు. రెండోదాన్ని వెంటనే వేరు చేయండి. అది మగదే అయితే, తల్లి ఈనిన రోజే మళ్ళీ చూలు కట్టగలదు. రెండు నెలల పిల్లల్లో ఆడ, మగ తేడా పట్టడం అలవాటున్నవాళ్ళకే కష్టం. మూడు నెలలు దాటాక మగవాటికి వృషణాలు కనిపిస్తాయి. ఈసారి పిల్లల్ని మూడో నెల నిండకముందే డాక్టరుకు చూపించి వేరుచేయండి.

అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు చెక్కపెట్టెకు ఒక పక్క ఆరంగుళాల గడప ఉంచి, అడుగున ఎండిన వరిగడ్డి నాలుగు వేళ్ళ మందాన పరవండి. మేతగా వరిగడ్డిలో బలం లేదు గానీ పరుపుగా బాగుంటుంది. తల్లి పీకిన వెంట్రుకలు పారేయకుండా అందులోనే పెట్టండి. చుట్టూ చప్పుడు లేకుండా చూడండి. పిల్లల్ని తినడం అరుదు. బెదిరినప్పుడో, నీళ్ళు దొరకనప్పుడో, చచ్చిన పిల్లను శుభ్రం చేసేటప్పుడో జరుగుతుంది. ఈనే రాత్రి మూకుడు నిండా నీళ్ళు తప్పకుండా ఉండాలి.

తల్లి రోజంతా పిల్లల దగ్గరికి పోకపోతే పట్టించుకోవడం లేదని కంగారు పడతారు. కుందేలు పాలిచ్చేది రోజుకు ఒకటి రెండుసార్లే, అదీ మూడు నుంచి ఐదు నిమిషాలు, ఎక్కువగా చీకట్లో. పొద్దున్నే చేతులు కడుక్కుని పిల్లల పొట్టలు చూడండి. గుండ్రంగా, బిగువుగా ఉండి చర్మం కింద తెల్లగా పాలు కనిపిస్తుంటే తాగినట్టు. చర్మం ముడతలు పడి ఉంటే తాగనట్టు. ఒక పూట చూసి, అప్పుడూ అలాగే ఉంటే తల్లిని మెల్లగా పెట్టెలో కూర్చోబెట్టి పిల్లల్ని రొమ్ముకు అందించండి. ఆవుపాలు కుందేలు పాలకు సాటిరావు. పోసే పద్ధతి తెలియక ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చేవే ఎక్కువ. ఎండాకాలం ఈనితే పిల్లలు వెంట్రుకల కింద ఉడికిపోతాయి. విడివిడిగా పాకి వగరుస్తుంటే సగం వెంట్రుకలు తీసి సంచిలో దాచి, రాత్రికి మళ్ళీ కప్పండి.

పది పన్నెండు రోజులకు కళ్ళు తెరుస్తాయి. ఆరు వారాల లోపు తల్లినుంచి వేరు చేయకండి. ఆ వయసులో విరేచనాలు, ఉబ్బిన పొట్ట కనిపిస్తే కాక్సిడియోసిస్ అయి ఉండవచ్చు. పెంటిక పట్టుకెళ్ళి పరీక్ష చేయించండి, ఒక్కరోజు ఆలస్యమైనా ఈత మొత్తం పోతుంది.

ప్రశ్న: చెనిక్కాయ చేను దున్నుతుంటే అడవి కుందేలు పిల్ల దొరికింది. కళ్ళు తెరిచే ఉంది. మా ఇంటి కుందేళ్ళతో కలిపి పెంచుకోవచ్చా?
— ఓ యువరైతు, కళ్యాణదుర్గం

జవాబు: వద్దు. మన చేలల్లో తిరిగేది వేరే జాతి. దాని పిల్లలు వెంట్రుకలతో, తెరిచిన కళ్ళతోనే పుడతాయి. తల్లి వాటిని పొదల నీడన విడివిడిగా దాచి, పొద్దుగూకాక వచ్చి పాలిచ్చి పోతుంది. పగలు ఒంటరిగా కనిపించినంత మాత్రాన దిక్కులేనిది కాదు. దొరికిన చోటుకు దగ్గర్లో, నాగలి పోని గట్టు మీద పొద నీడన వదిలి, కుక్కల్ని కట్టేసి, మీరు దూరంగా వెళ్ళిపోండి. మనిషి ముట్టుకున్నాడని తల్లి వదిలేయదు. బోనులో పెడితే ఇది బెదిరి తిండి ముట్టక చస్తుంది. వన్యప్రాణుల సంరక్షణ చట్టం, 1972 ప్రకారం దాన్ని పట్టుకోవడం, పెంచడం నేరం కూడా. గాయమై ఉంటే అటవీశాఖ వాళ్ళకు అప్పగించండి.

ప్రశ్న: వానాకాలంలో కుందేలు వాసన వస్తోంది. షాంపూతో స్నానం చేయించవచ్చా?
— ఓ పాఠకురాలు, కడప

జవాబు: చేయించకండి. భయంతోనే ప్రాణం పోయినవి ఉన్నాయి. పైగా ఆ దట్టమైన బొచ్చు తొందరగా ఆరదు. కుందేలు తనను తాను నాకి శుభ్రం చేసుకుంటుంది. వాసన వస్తోందంటే బోనైనా మురికిగా ఉండాలి, తోక కిందైనా అంటుకుని ఉండాలి. మూత్రం తడిసిన గోనె రోజూ మార్చండి. తోక కింద అంటుకుంటే అక్కడి వరకే గోరువెచ్చని నీళ్ళతో తుడిచి పొడిగా ఒత్తండి.

జూన్ నుంచి అక్టోబరు దాకా రోజూ రెండుసార్లు తోక ఎత్తి చూడడం అలవాటు చేసుకోండి. తడి బొచ్చు మీద ఈగ గుడ్లు పెడితే ఒక్కరోజులో పురుగులై మాంసంలోకి తొలుస్తాయి. పశువుల పుండ్లకు పోసినట్టు టర్పెంటైన్, ఫినాయిల్, కిరోసిన్ పోయకండి. పురుగుకన్నా ముందు కుందేలు పోతుంది. కనిపించిన పురుగుల్ని పట్టకారుతో తీసి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

ప్రశ్న: ఇనుప జల్లెడ అడుగున్న బోను శుభ్రం చేయడం తేలికని కొన్నాం. ఇప్పుడు వెనకకాళ్ళ మడమల దగ్గర బొచ్చు పోయి ఎర్రబడింది. పిల్లలు చెవులు పట్టి ఎత్తుతుంటే గింజుకుంటోంది కూడా.
— ఓ పాఠకుడు, నంద్యాల

జవాబు: కుక్క పాదానికి ఉన్న మెత్త కుందేలు పాదానికి ఉండదు, బొచ్చే మెత్త. జల్లెడ మీద బరువంతా మడమ మీద పడి పుండవుతుంది, చీము ఎముకదాకా పోతుంది. జల్లెడలో మూడొంతులు చెక్క పలక వేసి, పైన గోనె, ఆపైన గడ్డి పరవండి. మిగిలిన వంతు పెంటికలు రాలడానికి వదలండి. ఎర్రబడడం వరకే అయితే రెండు మూడు వారాల్లో బొచ్చు వస్తుంది, పుండు పడితే చూపించండి. గోళ్ళు పొడవైనా మడమ మీదే బరువు పడుతుంది, నాలుగైదు వారాలకోసారి కొన మాత్రం కత్తిరించండి. గోరు లోపల కనిపించే ఎర్రటి నరాన్ని తాకనివ్వొద్దు.

చెవులు పట్టి ఎత్తడం ఈ రోజుతో మాన్పించండి. కుందేలు ఎముకలు తేలిక, వెనకకాళ్ళ కండ బలమైనది. గాల్లో గింజుకుని తన్నితే దాని నడుము అదే విరుగుతుంది. ఒక చేయి రొమ్ము కింద, రెండో చేయి పిరుదుల కింద పెట్టి మీ ఛాతీకి ఆనించి ఎత్తాలి. చిన్నపిల్లలైతే ఎత్తనే వద్దు, నేల మీద కూర్చుని ఒళ్ళోకి రానివ్వమనండి.